"డైవల్జ్" అంటే చెప్పడమా, బయటపెట్టడమా? మెయిల్‌లో వాడి ఇరుక్కున్నాను

మణికొండ మూడో అంతస్తు | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయాను, సాయం కావాలి.

ఈ ఏడాది నాకొచ్చిన హైక్ ఎంతో మా టీమ్ మొత్తానికి తెలిసిపోయింది. నా మేనేజర్ వల్లే తెలిసింది. ఒళ్ళు మండి హెచ్ఆర్‌కి మెయిల్ రాద్దామని కూర్చున్నా. మామూలు మాటలైతే పట్టించుకోరని కాస్త బరువైన మాట వెతికి "డైవల్జ్" అని పెట్టా. పంపేముందు రూమ్మేట్‌కి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "మూడు వాక్యాల్లో మూడు తప్పులు" అని పడుకున్నాడు, ఏమిటో చెప్పకుండానే.

ఇవీ ఆ మూడు:

మై మేనేజర్ డైవల్జ్డ్ అబౌట్ మై శాలరీ.
హీ డైవల్జ్డ్ దెమ్ మై హైక్ పర్సెంటేజ్.
నౌ మై శాలరీ హ్యాజ్ డైవల్జ్డ్ ఇన్ ద హోల్ టీమ్.

తప్పులెక్కడో చెప్పి పుణ్యం కట్టుకోండి. రేపు సాయంత్రానికి పంపాలి.

కీబోర్డు కిష్టయ్య | సోమవారం, రాత్రి 10:20

డైవల్జ్ అంటే చెప్పడం. "టోల్డ్" అని రాసేసి పంపెయ్. హెచ్ఆర్ వాళ్ళు వ్యాకరణం దిద్దరు.

ఓరుగల్లు పిలగాడు | సోమవారం, రాత్రి 10:31

కిష్టయ్యన్నా, చెప్పుడు వేరే, డైవల్జ్ చేసుడు వేరే. నేను నీకు "అన్నం తిన్న" అని చెప్తే అది డైవల్జ్ అయితదా? దాచిపెట్టాల్సింది చెప్తేనే అది డైవల్జ్.

కీబోర్డు కిష్టయ్య | సోమవారం, రాత్రి 10:33

ఏం తిన్నావో దాన్ని బట్టి ఉంటుంది తమ్ముడూ. మా ఇంట్లో శ్రావణమాసంలో చికెన్ తిన్న సంగతి డైవల్జ్ కిందికే వస్తుంది.

పాత బల్ల | మంగళవారం, ఉదయం 6:05

ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఈ మూడు తప్పులూ ఏటా కనీసం నలభై పేపర్లలో దిద్దేవాణ్ణి, కాబట్టి బాబూ, మీరేమీ ఒంటరివారు కారు.

మొదటిది. డైవల్జ్ సకర్మక క్రియ. అంటే దానికి కర్మ నేరుగా తగలాలి, మధ్యలో ప్రిపొజిషన్ రాకూడదు. "డైవల్జ్డ్ మై శాలరీ" చాలు, "అబౌట్" దండగ. మనకి ఆ "అబౌట్" ఎందుకు వస్తుందో చెబుతాను. చిన్నప్పుడు విభక్తులు వల్లె వేశాం కదా, "నిన్, నున్, లన్, కూర్చి, గురించి" అని. ద్వితీయా విభక్తిలో "ని"కీ "గురించి"కీ ఒకే వరసలో చోటిచ్చాం. "జీతాన్ని చెప్పాడు" కంటే "జీతం గురించి చెప్పాడు" అనడం మన నాలుకకి హాయి. ఆ హాయిని ఇంగ్లీషులోకి మోసుకుపోతాం. "డిస్కస్ అబౌట్", "మెన్షన్ అబౌట్", "డిస్క్రైబ్ అబౌట్" అన్నీ ఈ పుట్టలోని చీమలే. ఇంగ్లీషులో "టాక్"కి, "స్పీక్"కి అబౌట్ కావాలి. డిస్కస్‌కి, మెన్షన్‌కి, డైవల్జ్‌కి అక్కర్లేదు.

రెండోది. "డైవల్జ్డ్ దెమ్" అన్నారు. ఎవరికి చెప్పాడో ఆ మనిషిని డైవల్జ్ పక్కన నేరుగా నిలబెట్టకూడదు. ముందు సంగతి, తరవాత "టు", ఆ తరవాత మనిషి. "హీ డైవల్జ్డ్ మై హైక్ పర్సెంటేజ్ టు దెమ్." ఇదే కారణంగా "ఐ వాజ్ టోల్డ్ ద సీక్రెట్" ఒప్పు, "ఐ వాజ్ డైవల్జ్డ్ ద సీక్రెట్" తప్పు. "ద సీక్రెట్ వాజ్ డైవల్జ్డ్ టు మీ" అనాలి. బయటపడేది రహస్యమే తప్ప మనిషి కాదు.

మూడోది ఇంకా తమాషా. "మై శాలరీ హ్యాజ్ డైవల్జ్డ్" అంటే మీ జీతం తానే నోరు తెరిచి ఎవరి గుట్టో చెప్పేసిందని అర్థం వస్తుంది. డైవల్జ్‌కి అకర్మక రూపం లేదు. "హ్యాజ్ బీన్ డైవల్జ్డ్" అని కర్మణిలో రాయాలి. అదే "లీక్" అయితే రెండు విధాలా నడుస్తుంది. "హీ లీక్డ్ ద న్యూస్" అనవచ్చు, "ద న్యూస్ లీక్డ్" అనీ అనవచ్చు. కుళాయి కారుతుంది, కుళాయి నుంచి నీళ్ళూ కారతాయి, అలాగన్నమాట.

ఓరుగల్లు పిలగాడు | మంగళవారం, ఉదయం 7:48

మాస్టారూ దండం. ఒక డౌటు. "టెల్ మీ ద నేమ్" కరెక్టు, "గివ్ మీ", "షో మీ" కరెక్టు. మరి "డైవల్జ్ మీ ద నేమ్" ఎందుకు తప్పు? అర్థమైతే ఒకటే కద. ఏమన్న లెక్క ఉన్నదా, బట్టీ పట్టుడేనా?

పాత బల్ల | మంగళవారం, ఉదయం 8:30

లెక్క ఉంది, మినహాయింపులూ ఉన్నాయి. టెల్, గివ్, షో, సెండ్, టీచ్: ఇవన్నీ ఇంగ్లీషు ఇంటిబిడ్డలు, ఒక్క అక్షరంలో పలికే పాత మాటలు. వీటి పక్కన మనిషి చనువుగా కూర్చోవచ్చు. లాటిన్ నుంచి వచ్చి చేరిన పొడుగు మాటలున్నాయే, ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, కన్ఫెస్, రివీల్, డిస్‌క్లోజ్, డైవల్జ్, ఇవి కొత్త చుట్టాల్లాంటివి. మధ్యలో "టు" అనే పీట వేస్తే తప్ప మనిషిని దగ్గరికి రానివ్వవు. మనవాళ్ళు "ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ ప్రాబ్లమ్" అని తప్పు చేసేది కూడా ఇక్కడే.

"ఆఫర్", "ప్రామిస్" లాటిన్ వంశం వాళ్ళే అయినా "ఆఫర్డ్ మీ ఎ జాబ్", "ప్రామిస్డ్ మీ ఎ హైక్" అంటాం. వచ్చి చాలా కాలమై ఇంటివాళ్ళలో కలిసిపోయాయనుకోండి. ఇలాంటివి కొన్ని తప్ప సూత్రం బాగానే పనిచేస్తుంది.

గ్రూప్స్ గోపిక | మంగళవారం, ఉదయం 9:15

ఉచ్చారణ కూడా చెప్పండి సార్. మా కోచింగ్‌లో ఒకాయన డైవల్జ్ అంటారు, ఇంకొకాయన డివల్జ్ అంటారు. ఇద్దరికీ పడదు. అలాగే దీనికి నామవాచకం ఏమిటి?

పాత బల్ల | మంగళవారం, ఉదయం 9:40

ఇద్దరూ ఒప్పే అమ్మాయీ. బ్రిటన్‌లో "డై" ఎక్కువ, అమెరికాలో "డి" కూడా బాగా వినిపిస్తుంది. ఊనిక మాత్రం రెండో భాగం మీదే పడాలి: డై-వల్జ్. చివర "ల్జ్" పలకడం కష్టమై కొందరు "డైవల్గ్" అంటారు. అది వద్దు. ఇండల్జ్, బల్జ్ ఎలా పలుకుతారో అలాగే.

నామవాచకాలు డైవల్జెన్స్, డైవల్గేషన్ అని నిఘంటువుల్లో ఉన్నాయి. రెండోదానిలో మళ్ళీ "గ" వస్తుంది చూడండి. కానీ మామూలుగా ఎవరూ వాడరు. నామవాచకం కావలసి వచ్చినప్పుడు "డిస్‌క్లోజర్" అనో "రెవెలేషన్" అనో పక్కింటి నుంచి అరువు తెచ్చుకుంటారు.

రెండో పేజీ | మంగళవారం, మధ్యాహ్నం 12:22

పత్రికలో సబ్ ఎడిటర్‌ని, పగలు తీరిక. నా వైపు నుంచి ఒక మాట.

ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లీషు కాపీ రోజూ తెలుగు చేస్తుంటాను. అందులో డైవల్జ్ ఎప్పుడు కనిపించినా చుట్టుపక్కల ఒక "కాదు" ఉంటుంది. రిఫ్యూజ్డ్ టు డైవల్జ్. డిక్లైన్డ్ టు డైవల్జ్. డిడ్ నాట్ డైవల్జ్ ద డీటెయిల్స్. నాట్ ఎట్ లిబర్టీ టు డైవల్జ్. డైవల్జ్ చేసినవాడి కంటే చేయనివాడి గురించే ఈ మాట ఎక్కువ వాడతారు. వెనక "వేర్", "హూ", "హౌ మచ్" ఉపవాక్యాలు కూడా హాయిగా ఇముడుతాయి. "హీ రిఫ్యూజ్డ్ టు డైవల్జ్ వేర్ ద మనీ కేమ్ ఫ్రమ్" అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

మా వృత్తిలో దీనికి మించిన ఉదాహరణ వాటర్‌గేట్, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన కుంభకోణం. 1972లో మొదలైన ఆ కథలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ తమకు సమాచారమిచ్చిన "డీప్ థ్రోట్" ఎవరో ముప్ఫై ఏళ్ళకు పైగా చెప్పలేదు. 2005లో ఎఫ్‌బీఐలో ఒకప్పుడు రెండో స్థానంలో పనిచేసిన మార్క్ ఫెల్ట్ తానే ముందుకొచ్చి అది నేనే అన్నాడు. దీన్ని ఇంగ్లీషులో రాస్తే మాటల తేడా అద్దంలో కనిపిస్తుంది. విలేకరులు "నెవర్ డైవల్జ్డ్ హిజ్ నేమ్". ఫెల్ట్ "రివీల్డ్ హిమ్‌సెల్ఫ్". ఇక్కడ "డైవల్జ్డ్ హిమ్‌సెల్ఫ్" అంటే వాక్యం పడిపోతుంది. మనిషిని రివీల్ చేయవచ్చు, డైవల్జ్ చేయలేం. మనిషి పేరును మాత్రం చేయవచ్చు.

ఇంకొకటి. రివీల్‌కి కర్తగా వస్తువు వస్తుంది. "ద ఎక్స్‌రే రివీల్డ్ ఎ ఫ్రాక్చర్" అంటాం. ఎక్స్‌రే ఏదీ డైవల్జ్ చేయదు. దానికి నోరు లేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. డైవల్జ్ చేయాలంటే మనిషో సంస్థో ఉండాలి, తెలిసిన సంగతి తన దగ్గరుండాలి.

అన్నట్టు, మన పత్రికల తెలుగులో "వెల్లడించారు" అనే మాటను చంపేశాం. మంత్రిగారు బస్సులు పెంచుతున్నామన్నా "వెల్లడించారు", ఎండలు ముదురుతాయన్నా "వెల్లడించారు". ఆయన దాచిందేముంది, మేము వెల్లడి చేయించిందేముంది! ఈ పాపంలో నాకూ వాటా ఉంది. "అన్నారు" అని రాస్తే శీర్షిక పొట్టిగా తేలిపోతుందని భయం.

కీబోర్డు కిష్టయ్య | మంగళవారం, మధ్యాహ్నం 12:40

"పేర్కొన్నారు" సంగతి కూడా చూడండి సార్. జీవితంలో మనిషనేవాడు ఒక్కసారైనా "పేర్కొంటాను" అనడం విన్నారా?

వాలెన్సియా వదిన | మంగళవారం, మధ్యాహ్నం 2:05

నేను పదేళ్ళుగా స్పెయిన్‌లో ఉంటున్నాను, మాది తణుకు దగ్గర. ఈ చర్చ చూసి నవ్వొచ్చింది. ఇక్కడి భాషలో ఇదే మాట "దివుల్గార్". అర్థం మాత్రం దాదాపు తిరగబడింది. సైన్సుని అందరికీ అర్థమయ్యేలా చెప్పడాన్ని ఇక్కడ "దివుల్గాసియోన్ సియెంతీఫికా" అంటారు. పిల్లలకి గ్రహాల గురించి చెప్పే టీవీ కార్యక్రమం కూడా దివుల్గాసియోనే. వచ్చిన కొత్తలో ఒక ప్రొఫెసర్‌ని "ఈయన దివుల్గాదోర్" అని పరిచయం చేస్తే, పాపం ఏ రహస్యం బయటపెట్టాడో అనుకున్నాను.

రెండూ ఒకే లాటిన్ మాట నుంచే వచ్చాయి. "వుల్గుస్" అంటే జనసామాన్యం, గుంపు. వల్గర్ అనే మాట కూడా అక్కణ్ణించే, మొదట్లో దానికి "మామూలు జనానిది" అని మాత్రమే అర్థం. ముందున్న "డి" నలుదిక్కులా వెదజల్లడాన్ని చెబుతుంది. మొత్తం కలిపితే "జనంలోకి వదలడం". ఇంగ్లీషులో కూడా మొదట్లో ప్రకటించడం, చాటడం అనే అర్థంలోనే వాడేవారట. తరవాత రహస్యం దగ్గర స్థిరపడిపోయింది.

పాత బల్ల | మంగళవారం, మధ్యాహ్నం 3:10

బాగా చెప్పావమ్మా. దాని అక్కచెల్లెళ్ళని కూడా చూస్తే, రివీల్‌లో ఉన్నది "వేలుం", అంటే ముసుగు, తెర. తెర వెనక్కి లాగడం. డిస్‌క్లోజ్‌లో ఉన్నది "క్లోజ్". మూసినదాన్ని తెరవడం. మనం అనే "తెర తీశారు", "గుట్టు విప్పారు" వీటికి దగ్గర. ఒకరు తెర తీస్తే ఒకరు మూత తీస్తారు. డైవల్జ్ ఆ వస్తువుని పట్టుకెళ్ళి బజార్లో పెడుతుంది.

కీబోర్డు కిష్టయ్య | మంగళవారం, మధ్యాహ్నం 3:18

అంటే మన "నలుగురి నోళ్ళలో పడేయడం".

పాత బల్ల | మంగళవారం, మధ్యాహ్నం 3:21

కిష్టయ్యగారూ, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు తట్టలేదండీ ఇది. అచ్చంగా అదే.

నల్లకోటు | మంగళవారం, సాయంత్రం 4:50

కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. ముందు ఆ మెయిల్ పంపకండి, కారణం కింద చెబుతాను.

డిస్‌క్లోజ్‌కీ డైవల్జ్‌కీ మా దగ్గర పెద్ద తేడా ఉంది. డిస్‌క్లోజ్ తరచుగా ఒక బాధ్యత. 2002 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరవాతే ఎన్నికల అభ్యర్థులు ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో చెప్పాల్సి వచ్చింది. దాన్ని డిస్‌క్లోజర్ అంటాం. 2024 ఫిబ్రవరి 15న రాజకీయ పార్టీలకు విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని కొట్టేసినప్పుడు స్టేట్ బ్యాంకు వివరాలన్నీ ఎన్నికల సంఘానికి ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. జూన్ 30 దాకా గడువు కావాలని బ్యాంకు అడిగితే మార్చి 11న కుదరదంది. ఆ వ్యవహారం మొత్తానికీ నప్పే మాట డిస్‌క్లోజర్. బ్యాంకు ఆ వివరాలు "డైవల్జ్" చేసిందని ఎవరైనా రాస్తే, దొంగతనంగా చెప్పేసిందన్న వాసన వస్తుంది. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 8 శీర్షిక కూడా డిస్‌క్లోజర్ నుంచి మినహాయింపనే.

గ్రూప్స్‌కి చదివే అమ్మాయికి ఒక చిన్న కానుక. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మంత్రుల ప్రమాణాలు చూడండి. రెండు ప్రమాణాలు ఉంటాయి, ఒకటి పదవికి, ఒకటి గోప్యతకి. ఎమ్మెల్యేలకి గోప్యతా ప్రమాణం ఉండదు. ఆ ఇంగ్లీషు వాక్యం ఇలా నడుస్తుంది: "ఐ విల్ నాట్ డైరెక్ట్లీ ఆర్ ఇన్‌డైరెక్ట్లీ కమ్యూనికేట్ ఆర్ రివీల్ టు ఎనీ పర్సన్ ఆర్ పర్సన్స్ ఎనీ మ్యాటర్ విచ్..." అని. ఇక్కడ మాస్టారికి ఒక ప్రశ్న. ముందు సంగతి, తరవాత "టు" అన్నారు. రాజ్యాంగంలో తిరగేసి ఉందేం?

పాత బల్ల | మంగళవారం, సాయంత్రం 5:25

లాయరుగారు క్రాస్ ఎగ్జామినేషన్‌కి దిగారు! జవాబుంది. "ఎనీ మ్యాటర్ విచ్" తరవాత వచ్చే ఉపవాక్యం ఎంత పొడుగో చూడండి. నా పరిశీలనకు వచ్చినా, మంత్రిగా నాకు తెలిసినా అంటూ సాగుతుంది. అంత బరువున్న కర్మను మధ్యలో పెడితే చివర్లో వచ్చే "టు ఎనీ పర్సన్" ఎవరికీ వినపడదు. అందుకని బరువైన కర్మను వాక్యం తోకకు జరుపుతారు. గమనించారో లేదో, "టు" మాత్రం పోలేదు. చోటు మారినా పీట ఉండాల్సిందే. డైవల్జ్‌కీ ఇదే వర్తిస్తుంది. "హీ డైవల్జ్డ్ టు ఎ ఫ్రెండ్ ద నేమ్స్ ఆఫ్ ఆల్ హూ హ్యాడ్ సైన్డ్" సలక్షణమైన వాక్యం.

గ్రూప్స్ గోపిక | మంగళవారం, సాయంత్రం 5:31

రెండు ప్రమాణాల సంగతి నోట్స్‌లోకి వెళ్ళిపోయింది. థాంక్యూ సార్.

నల్లకోటు | మంగళవారం, సాయంత్రం 5:44

మాస్టారూ, ఒప్పుకున్నాను. ఇప్పుడు మణికొండ బాబు సంగతి. తమ్ముడూ, మీ మేనేజర్ అసలేం చేశాడు? నలుగురినీ పిలిచి మీ జీతం ఇంత అని చెప్పాడా?

మణికొండ మూడో అంతస్తు | మంగళవారం, సాయంత్రం 6:20

పిలిచి చెప్పలేదండీ. టీమ్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేశాడు. పీపీటీ చూపించబోయి వెనకాల తెరిచి ఉన్న ఎక్సెల్ చూపించాడు. మా అందరి హైకులూ అందులో ఉన్నాయి. ఒక పది సెకన్లు ఉండి ఉంటుంది. ఒకడు ఆ పది సెకన్లలో స్క్రీన్‌షాట్ కొట్టాడు. నాది అందరికంటే తక్కువ. అదీ అసలు మంట.

ఓరుగల్లు పిలగాడు | మంగళవారం, సాయంత్రం 6:24

అన్నా! గీ ముచ్చట నిన్ననే చెప్పాలె గద!

కీబోర్డు కిష్టయ్య | మంగళవారం, సాయంత్రం 6:26

రెండు రోజులుగా ఆ మేనేజర్‌ని మనసులో ఉరి తీసి ఉన్నాను.

రెండో పేజీ | మంగళవారం, సాయంత్రం 6:41

అయితే వ్యాకరణం మొత్తం దిద్దినా మెయిల్ తప్పే. ఎందుకంటే మాటే తప్పు. డైవల్జ్ అంటే నోటి నుంచి కావాలని వదిలినట్టు. ఈయన చేసింది పొరపాటు. డైవల్జ్డ్ అని రాస్తే మీరు అతని మీద ఒక ఉద్దేశాన్ని మోపుతున్నారు.

నల్లకోటు | మంగళవారం, సాయంత్రం 6:58

నేను భయపడిందీ ఇదే. అయితే రెండో పేజీ గారు అన్నంత గట్టిగా నేను అనను. "ఇన్అడ్వర్టెంట్లీ డైవల్జ్డ్" అని రాసినవాళ్ళూ ఉన్నారు. అంటే పొరపాటున కూడా డైవల్జ్ చేయవచ్చని భాష ఒప్పుకుంటోంది. కానీ ఆ "ఇన్అడ్వర్టెంట్లీ" (పొరపాటున) అనే క్రియావిశేషణం తగిలించాల్సి వచ్చిందంటేనే, అది లేకపోతే కావాలని చేసినట్టే వినిపిస్తుందని అర్థం. పొరపాటుకి మా వాళ్ళు వాడేది ఎక్కువగా "ఇన్అడ్వర్టెంట్ డిస్‌క్లోజర్". అమెరికా సాక్ష్య నియమాల్లో 502వ నియమం సరిగ్గా ఆ పేరుతోనే మాట్లాడుతుంది, లాయరు పొరపాటున అవతలివాళ్ళకి కాగితాలు పంపేస్తే ఏమవుతుందని.

ఆ స్క్రీన్‌షాట్ కొట్టి పంచినవాడున్నాడు చూడండి, అతనికి డైవల్జ్ అనే మాట నిక్షేపంగా సరిపోతుంది.

రెండో పేజీ | మంగళవారం, రాత్రి 7:15

ఒప్పుకోను. స్క్రీన్‌షాట్ కొట్టినవాడు ఎవరికీ మాట ఇవ్వలేదు. గుట్టు అతని చేతికి అప్పగించలేదు. అతను చేసింది "సర్క్యులేట్" చేయడం. డైవల్జ్ చేయాలంటే ముందు దాచే బాధ్యత ఉండాలి.

నల్లకోటు | మంగళవారం, రాత్రి 7:32

బాధ్యత ఉండాలని నిఘంటువు అనదు. సంగతి గుట్టుగా ఉండాల్సినదైతే చాలు. పక్కింటివాళ్ళ గొడవ గోడ అవతల నుంచి విని ఊరంతా చెప్పినవాడు కూడా డైవల్జ్ చేసినవాడే.

పాత బల్ల | మంగళవారం, రాత్రి 7:50

నేను లాయరుగారి పక్షం. కానీ సబ్ ఎడిటర్‌గారు అన్న "అప్పగింత" వాసన ఆ మాటకి కొంత ఉందన్నదీ నిజమే. ఇద్దరూ భోజనాలు చేసి రండి.

వాలెన్సియా వదిన | మంగళవారం, రాత్రి 8:10

ఇంగ్లీషువాళ్ళు ఇంత వెతుక్కుంటున్నారు గానీ మనకి ఈ తేడా క్రియలోనే ఉంది కదండీ. బయటపెట్టాడు, బయటపడింది. "పెట్టు" అంటే చెయ్యి ఎవరిదో ఉంది. "పడు" అంటే దానంతటది. చెప్పేశాడు, నోరు జారాడు. కక్కించారు, కక్కాడు. ఇక "పొక్కింది" అంటే ఎవరి వల్లో తెలియకుండా పొగలా పాకిందని. "ఎవరికీ పొక్కనివ్వకు" అని మా అమ్మమ్మ అన్నదంటే తెల్లారేసరికి అది పెరవలి దాకా వెళ్ళిందన్నమాట, ఎందుకంటే ఆవిడే అందరికీ ఆ షరతుతో చెప్పేది.

కీబోర్డు కిష్టయ్య | మంగళవారం, రాత్రి 8:19

నోట్లో నువ్వుగింజ నానదంటారు, ఆ బాపతు.

గ్రూప్స్ గోపిక | మంగళవారం, రాత్రి 8:27

"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్నప్పుడు విభీషణుడు చేసినదాన్ని ఇంగ్లీషులో ఏమనాలి సార్? డైవల్జ్ చేశాడా, బిట్రే చేశాడా, డిస్‌క్లోజ్ చేశాడా?

పాత బల్ల | మంగళవారం, రాత్రి 8:55

ఎవరి శిబిరంలో నిలబడి చెబుతున్నావో దాన్ని బట్టి అమ్మాయీ. లంకవాళ్ళకి అది బిట్రే. ఆ మాటలో ఉన్నది అప్పగించడం, శత్రువు చేతిలో పెట్టడం. వానరులకి డిస్‌క్లోజ్, అడిగితే చెప్పాడు కాబట్టి. ఎటూ మొగ్గని విలేకరి అయితే డైవల్జ్ అంటాడు.

బిట్రేకి ఇంకో గుణం ఉంది. తెలియకుండా బయటపడే మనసుకి అదే మాట. "హిజ్ ఫేస్ బిట్రేడ్ నథింగ్" అంటే ముఖంలో ఏమీ కనపడనివ్వలేదని. ఇక్కడ డైవల్జ్ అస్సలు కుదరదు.

మణికొండ మూడో అంతస్తు | బుధవారం, ఉదయం 11:30

నిన్న రాత్రి ఇదంతా చదివాక మెయిల్ మొత్తం తిరగరాశా. డైవల్జ్ తీసేశా. ఇదీ కొత్త వాక్యం:

డ్యూరింగ్ ద మండే మీటింగ్, ద టీమ్స్ శాలరీ షీట్ వాజ్ ఇన్అడ్వర్టెంట్లీ డిస్‌ప్లేడ్ ఆన్ ద షేర్డ్ స్క్రీన్, అండ్ ఎ స్క్రీన్‌షాట్ ఆఫ్ ఇట్ హ్యాజ్ సిన్స్ బీన్ సర్క్యులేటెడ్.

ఎవరి పేరూ పెట్టలేదు. మాస్టారూ, ఎలా ఉంది?

పాత బల్ల | బుధవారం, మధ్యాహ్నం 12:02

పదికి తొమ్మిది. "డ్యూరింగ్ ద మండే మీటింగ్" కంటే "డ్యూరింగ్ మండేస్ మీటింగ్" బాగుంటుంది. రెండు కర్మణి వాక్యాలు ఎందుకని ఎవరైనా అడిగితే, చేసినవాడి పేరు చెప్పకుండా పని చెప్పడానికే ఆ ప్రయోగం పుట్టిందని చెప్పండి.

రెండో పేజీ | బుధవారం, మధ్యాహ్నం 12:10

"సర్క్యులేటెడ్" అని రాశారు. నల్లకోటు గారు గమనించగలరు.

నల్లకోటు | బుధవారం, మధ్యాహ్నం 1:45

గమనించాను. అప్పీలుకి వెళతాను.

మణికొండ మూడో అంతస్తు | గురువారం, సాయంత్రం 5:16

హెచ్ఆర్ నుంచి జవాబొచ్చింది. "నోటెడ్, థాంక్స్." అంతే. మేనేజర్ మాత్రం సాయంత్రం టీ దగ్గరికి వచ్చి సారీ చెప్పాడు, హైక్ గురించి మాట్లాడదామని శుక్రవారం టైమ్ ఇచ్చాడు. డైవల్జ్డ్ అని పంపి ఉంటే ఆ టీ ఉండేది కాదనుకుంటా.

వాలెన్సియా వదిన | గురువారం, రాత్రి 7:02

సంతోషం బాబూ. చర్చ మూసేలోపు ఒక్క అనుమానం. ఈ "పొక్కడం" మా గోదారి జిల్లాల మాటేనా, తెలంగాణలో కూడా అంటారా?

ఓరుగల్లు పిలగాడు | గురువారం, రాత్రి 7:20

పేపర్ల చదువుతం అక్కా, ఇంట్ల మాత్రం అనం. మా దిక్కు "బయటవడ్డది" అంటరు. ఇగ ఎవడన్న చెప్పి బయటవెడితే "గుట్టు ఇప్పిండు" అంటరు. మా నాయనమ్మ అయితే పేరు వెట్టి తిడతది, క్రియాపదం దాక పోనే పోదు.